ముప్పై రూపాయలు మిగలని ఇల్లు

ఇన్నేండ్లుగ నేను మోస్తున్నది ఒక్క మాట. తెలిసి తెలిసి, నా నోటితోని నేనే అన్న మాట. నా భార్యకు చెప్పలేదు, ఇప్పుడు చెప్దామంటే ఆమె లేదు. మీరెవరో నాకు తెల్వదు. తెల్వదు కాబట్టే మీకు చెప్పబుద్ధయితాంది.

నేను నాలుగో తరగతి దాటలేదు. పాలమూరుల ఒక పల్లినూనె మిల్లుల బస్తాలు మోసుకుంట, చిట్టా రాసే ముసలి మునీం పక్కన నిలబడి చూసుకుంట లెక్కలు నేర్చిన. ఆయన పోయినంక ఆ గద్దె మీద నేనే కూసున్న. మిల్లుకు కంప్యూటర్ వచ్చినప్పుడు, నేర్పెటందుకు పట్నం నుంచి వచ్చినాయన రెండు దినాలు చూపించి వెళ్లిపోయిండు. మిగిలిందంతా డిక్షనరీ ముంగట పెట్టుకోని, దానితోటి వచ్చిన ఇంగ్లీషు పుస్తకంల ఒక్కొక్క పేజీకి నాలుగు రోజులు పట్టినా సరే, నేనే చదువుకున్న. ఎవ్వని దయా లేదు. ఇప్పటికీ ఆ మాట అంటుంటె నాకు రోషమొస్తది. ఆ రోషమే నన్ను చెడగొట్టిందా? చెప్తా, మీరే చూడండి.

తొంభైల ఆఖరుకు మిల్లు మూతపడ్డది. ఊరిల ఒక ప్రైవేటు బడి ఓనరు నన్ను పిలిపించిండు. పాత కంప్యూటర్ ఒకటి కొన్నడు. ఏడో తరగతి పిల్లలకు ఇంటి బడ్జెట్ నేర్పాలె, స్ప్రెడ్‌షీట్ల మీద. నెలకు ఇంట్లకు ఏమొస్తది, ఏం పోతది, ఏం మిగుల్తది. తల్లిదండ్రులు చూసి మురవాలె, అడ్మిషన్లు పెరగాలె, ఆయన ఫికర్ అది. మంచిగ చేసిన ఒక్కరికి ఎనిమిదో తరగతి ఫీజు మాఫీ అన్నడు. నాతోటి ఇంకోటి గూడ అన్నడు. ఒక్క ఫిర్యాదొచ్చినా డిగ్రీ ఉన్నోన్ని తెచ్చుకుంటనని. లెక్కల మాస్టరు బి.ఎడ్. చదివినాయన, నన్ను మునీం సార్ అని పిలిచెటోడు. పిలిచి నవ్వెటోడు.

ఒక్క నియమం పెట్టిన. నోటుబుక్కుల పిల్లలు చేతితోని కూడిన మొత్తం, కంప్యూటర్‌ల వచ్చిన మొత్తం ఒక్కటి కావాలె. కాకపోతే మాఫీ పోటీల నుంచి తీసేసుడే. మిల్లుల చిట్టా, ఖాతా కలవకపోతే తప్పు మునీందే. నాకు తెలిసిన న్యాయం అదొక్కటే.

రెహానా అని ఒక పిల్ల. వాళ్ల అబ్బా అంగళ్లల్ల ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టెటాయన. స్టీలు గిన్నెలొచ్చి ఆ పని సగమైంది. ఆ పిల్ల నోటుబుక్కు నేను ఇప్పటికీ చూసినట్టే చెప్పగల్గుత. కిరాయి, బియ్యం, స్టవ్వుకు గ్యాసునూనె, కళాయికి తగరం, నవసాగరం, అంగడికి బస్సు కిరాయి, దాదీ మందులు. వచ్చేది పన్నెండు వందల ఎనభై. పోయేది పదమూడు వందల పది.

కంప్యూటర్‌ను పిల్లలు ముట్టద్దని ఓనరు హుకుం. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకోని నిలబడితే వాళ్ల లెక్కలు కీబోర్డు మీద నేను కొట్టెటోన్ని. రెహానా లెక్క కొడుతుంటె ఒక వరుస వదిలేసిన. వాళ్ల దాదీ మందులు, అరవై. ఆ పిల్లే యాదికి చేసింది. మొత్తం వచ్చే గడికి పైన ఇంకో వరుస జొప్పించి కొట్టిన. చిట్టాల గీత మీద ఏది రాసినా మొత్తంలకు వస్తది కదా, ముప్పై ఏండ్ల చెయ్యి అలవాటు. కంప్యూటర్‌ల అట్ల కాదు. ఎక్కడిదాకా కూడాలెనో ఆ గడికి నేను ముందే చెప్పి ఉన్న. అది అక్కడిదాకనే కూడింది. పన్నెండు వందల యాభై. ముప్పై రూపాయలు మిగులు.

నీ లెక్క తప్పింది అన్న. మూడుసార్లు కూడిన సార్ అన్నది. మిషిన్‌కు అబద్ధమాడితె ఏమొస్తదే అన్న. పిల్లలు నవ్విండ్రు. అప్పుడు ఆ పిల్ల మెల్లగ అన్నది.

"నెలాఖరుకు మా ఇంట్ల ముప్పై రూపాయలు మిగలవు సార్."

మాఫీ పోటీల లేవని వరుసల నుంచి పక్కకు నిలబెట్టిన.

మధ్యాహ్నం డబ్బా విప్పి పక్కకు పెట్టిన. ఆ మాట తిరుగుతాంది. నోటుబుక్కు తీసి పెన్నుతోని కూడిన. పదమూడు వందల పది. గడి సరి చేసిన. కంప్యూటర్ గూడ అదే అన్నది. కిటికీల నుంచి చూస్తే రెహానా నల్లా కాడ డబ్బా కడుక్కుంటాంది. పిలిస్తే అయిపోతుండె. ఎందుకు పిలువలేదు? పక్క గదిల బి.ఎడ్. మాస్టరు అన్నం తింటుండు. అంతే. ఇంత పెద్ద పాపానికి కారణం గింతేనా అని మీరు అనుకోవచ్చు. నేనూ రోజూ అదే అనుకుంట. చదువులేదని నన్ను నవ్వినోళ్ల మీద బతుకంతా మండిపడ్డ నేను, చదువుకునే పిల్లను పదిమందిల నవ్వులపాలు చేసి, తప్పు నాదని తెలిసినంక గూడ కంప్యూటర్ మీద గుడ్డ కప్పి కూసున్న.

మాఫీ ఇంకో పిల్లగానికి పోయింది. తెల్లారి రెహానా వాళ్ల అబ్బా వచ్చిండు, బిడ్డను వెంటబెట్టుకోని. వేళ్లు మసితోటి నల్లగున్నయి. కుర్చీ చూపిస్తే కూసోలేదు.

"ఫీజు కోసం రాలేదు సాబ్," అన్నడు. "నాకు చదువు రాదు. ఎవరు ఎంత ఇయ్యాలె, ఎవరికి ఎంత ఇయ్యాలె, మొత్తం గీ పిల్లే రాస్తది. అంగట్ల దీని మాట మీదనే నేను మంది తోటి కొట్లాడుత. జర నిజం చెప్పండి. దీని లెక్క తప్పిందా?"

చెప్పొచ్చు. గదిల మేం ముగ్గురమే ఉన్నం. బి.ఎడ్. మాస్టరు గూడ లేడు.

"తప్పింది," అన్న.

ఆయన బిడ్డ దిక్కు చూసిండు. కోపంగ కాదు, ఇన్నాళ్లు దేని మీద నిలబడ్డనా అన్నట్టు. రెహానా ఆయన దిక్కు చూడలేదు, నా దిక్కే చూసింది. ఆ పిల్లకు తెలుసు. నాకు తెలుసని గూడ తెలుసు.

ఎండకాలం సెలవులైనంక రెహానా బడికి రాలేదు. వాళ్ల అబ్బా లెక్కలు బామ్మర్దికి అప్పజెప్పిండని, పిల్లను కుట్టుమిషిన్ కాడ కూసోబెట్టిండని విన్న. వాళ్ల గల్లీ మా ఇంటికి ఎంతో దూరం లేదు. ఆరేండ్లు నేను చుట్టు తిరిగి మార్కెట్‌కు పోయిన. తర్వాత వాళ్లు నందికొండ దిక్కు పోయిండ్రన్నరు. నేను వెతకలేదు.

ఇంకొకటి చెప్పకపోతే ఇది సగమే అయితది. ఆ తర్వాత ప్రతి ఏడు పిల్లలకు చెప్పెటోన్ని, మిషిన్ ఏమన్నా సరే, మీ ఇల్లు మీకు తెలుసు, ముందు చేతితోని కూడుకోండి అని. సారు మంచి మాట చెప్తడని పేరొచ్చింది. ఓనరు శాలువ కప్పిండు. ఆ మాట ఎవరు నేర్పిండ్రో ఎవ్వరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు చెప్తున్న. రెహానా లెక్క తప్పలేదు. తప్పింది నేను, తప్పిందని తెలిసి ఆమె తండ్రి మొఖం మీద అబద్ధమాడింది నేను. క్షమించమని అడగను, అడగవలసినోళ్లు మీరు కాదు. రాసినంక కొంచెం ఊపిరాడుతాంది. ఆమెకు మాత్రం ఏమీ తిరిగి రాలేదు.