కుంటిపిల్లికి ఇల్లు చూసిన వైనం

మా మామగారికి రోజూ పొద్దున్నే ఎదురు రావడం నా పని. ఈ కాలం పిల్లలకి చెబితే నవ్వుతారు, నవ్వనీండి. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే ఇల్లు మాది. మార్కెట్‌కి బయల్దేరే మనిషికి ముత్తయిదువ నిండు బిందెతో ఎదురైతే ఆ రోజు సరుకు బాగా పోతుందని నమ్మకం. అనుకోకుండా ఎదురైతే దాన్ని శకునం అనాలి. మా ఇంట్లో దేన్నీ అనుకోకుండా జరగనిచ్చేవారు కాదు. ఆయన తలపాగా చుట్టుకుంటూ ఉండగానే నేను పెరటి తలుపు తీసి, బిందె చంకనెత్తుకుని, వెనక సందులోంచి చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చి, ఏమీ ఎరగనట్టు ఆయనకి ఎదురు నడవాలి. ఆయనా ఏమీ ఎరగనట్టు నన్ను చూసి, "ఆఁ, మంచి శకునం" అని కదిలేవారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే అదే మరి! అత్తగారు బతికున్నన్నాళ్ళు ఆవిడ తిరిగింది. ఆవిడ పోయాక ఆ బిందె నా చంకకెక్కింది.

ఆ ఇంట్లో ఇంకో ఆడమనిషి ఉండేది. మామగారి అక్క. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఇల్లంతా ఆవిడ చేతిమీదే నడిచేది. అయినా సరే, తమ్ముడు బయల్దేరే వేళకి ఆవిడ వంటింటి పక్కనున్న కొట్టుగదిలోకి వెళ్ళి తలుపు వేసుకోవాలి. ఆయన వీధి మలుపు తిరిగాక నేను వచ్చి తలుపు తడితే బయటికి రావాలి. పొమ్మని ఎవరూ అనేవారు కాదు. ఆవిడే వెళ్ళేది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఆ మాట అంటే, "ఊరుకోవే గుంటా, ఒక్క ఘడియే కదా. నాకలవాటైపోనాది" అనేది.

యుద్ధం రోజుల్లో విశాఖపట్నం మీద బాంబులు పడినప్పుడు అక్కడినుంచి వచ్చిన జనం కొందరు మా వీధిలో అద్దెకి దిగారు. భయం తగ్గాక సామాన్లు కట్టుకుని వెళ్ళిపోయారు. వాళ్ళలో ఎవరిదో పిల్లి. మరిచిపోయారో, కావాలనే వదిలిపోయారో, అది వీధిన పడింది. చారల చారల బూడిదరంగు పిల్లి. ఒకనాడు దాని ముందుకాలు బెల్లం బండి చక్రం కింద పడింది. ఆ కేకకి పరిగెత్తుకెళ్ళి చెంగులో చుట్టి తెచ్చాను. పెద్దమ్మ పసుపు రాసి, వెదురు బద్ద పెట్టి గుడ్డ కట్టింది. అరచేతిలో పాలు పోసి తాగించింది. కాలు కుంటిగానే మిగిలింది. ఆ అరచేతిలో తప్ప ఇంకెక్కడ పోసినా పాలు తాగకపోవడం కూడా దానికి అలవాటుగా మిగిలింది. పొద్దున్న పూట కొట్టుగదిలో పెద్దమ్మకి అదే తోడు.

కానీ పిల్లి పిల్లే. మా గుమ్మం ముందు పాలవాడు గేదెని కట్టి పితికేవాడు. నేను పెరటి తలుపు తీస్తే చాలు, ఆ వాసనకి అది కొట్టుగది కిటికీలోంచి దూకి, కుంటుకుంటూ నా ముందే సందు చుట్టి వచ్చి, మామగారి కాళ్ళ ముందునుంచి అడ్డంగా పోయేది. ఎదురుగా నిండు బిందెతో నేను, మధ్యలో పిల్లి! ఆయన గిరుక్కున వెనక్కి తిరిగి, లోపల కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. నేను మళ్ళీ వెనక్కి పోయి మళ్ళీ చుట్టి రావాలి. ఈలోగా పిల్లి ఇటునుంచి అటు. కట్టేస్తే తాడు కొరికేసేది. ఒకరోజు ఇలా తిరిగీ తిరిగీ ఆయన మార్కెట్‌కి చేరేసరికి బెల్లం వేలం కాస్తా అయిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, "దాన్ని గోనెసంచిలో ఏయించి, శారద ఏరు దాటించి, సెరుకుతోటల్లో ఒదిలించేత్తాను. ఏరు దాటిన పిల్లి మరి తిరిగి రాదు" అన్నారు.

కుంటిపిల్లి. అక్కడ నక్కలున్నాయి, ఊరకుక్కలున్నాయి. చేత్తో చంపితే పాపం పోవడానికి బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలి కదా, నక్కలకి వదిలేస్తే ఆ బాధ కూడా లేదు. ఎంత తెలివి! పెద్దమ్మ పమిట చెంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. అంతవరకూ నేను మామగారితో తలుపు చాటునుంచి తప్ప మాట్లాడి ఎరగను. ఆ రోజు తలుపు దాటి నడవలోకి వచ్చేశాను.

"మావయ్యా, దాన్ని సంచిలో ఎయ్యనివ్వను. దానికి ఇంకో ఇల్లు నేనే సూత్తాను. అందాకా మీకు బిందె ఎత్తను."

"ఏటి? నాకే సెప్తన్నావా?"

"మీకే సెప్తన్నాను."

మా ఆయన అక్కడే ఉన్నారు. ఉన్నారంటే ఉన్నారు, అంతే. మామగారు నన్ను ఎగాదిగా చూసి, "శుక్రవారం దాకా ఊరుకుంటాను. ఆ తరవాత సంచే" అని లేచిపోయారు. ఆ వారమంతా ఆయన బిందె లేకుండానే బయల్దేరారు. బెల్లం ఎప్పట్లాగే అమ్ముడుపోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, నేను తప్ప.

గడువు పెట్టిన మర్నాడు వంట కాగానే పిల్లిని మూతబుట్టలో పెట్టి, బుట్ట చంకనెత్తుకుని వీధిలోకి దిగాను. మా ఇంటి కోడళ్ళు పట్టపగలు ఒంటరిగా వీధుల్లో తిరిగే రోజులు కావవి. అరుగుల మీద కూర్చున్నవాళ్ళకి పండగే పండగ.

"ఏటమ్మా, మజ్జిగమ్ముతున్నావా?" అందొకావిడ.

"పిల్లినమ్ముతున్నాను, కొంటావా?" అన్నాను.

మొదటి ఇంటావిడ బుట్ట మూత కూడా తియ్యనివ్వలేదు. "మీకు అచ్చిరానిది మాకెలగ అచ్చొత్తాదమ్మా?" అంది. అంటే మా ఇంటి కబురు అప్పుడే వీధి చుట్టేసిందన్నమాట. రెండో ఇంట్లో గదినిండా బియ్యం బస్తాలు, బస్తాకో ఎలుక. ఆవిడ పిల్లి కాలు చూసి, "ఇదేటి ఎలకల్ని పడతాది? ఎలకలే దీన్ని ఈడ్సుకుపోతాయి" అని విరగబడి నవ్వింది. ఆ ఇల్లు పిల్లికి బిచ్చం పెట్టదని ఊళ్ళో ఊరికే అంటారా! రావికమతం పక్కన మా పుట్టింటికి పంపుదామంటే అక్కడ కళ్ళం దగ్గర కాపలాకుక్కలు. గురువారం దాకా తిరిగాను. కోపంతో ఏడుపొచ్చింది. ఏడిస్తే అరుగుల మీదవాళ్ళకి వినోదం కాబట్టి ఏడవలేదు.

ఆ మధ్యాహ్నం తిరిగి వస్తూంటే, గొడుగులూ తాళాలూ బాగుచేసే సాయిబు కొట్టు ముందు పిల్లి బుట్టలోంచి అరిచింది. కొట్టు వెనకే వాళ్ళ ఇల్లు. గుమ్మానికి వేలాడదీసిన తెర కొంచెం పక్కకి జరిపి ఆయన తల్లి పిలిచింది. వీధిలో అందరం ఆవిడని మామ్మ అనేవాళ్ళం.

"ఎవరిది తల్లీ ఆ గొంతు? ఇలా తే."

తెర వెనక్కి వెళ్ళాను. మామ్మ పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కుంటికాలు తడిమింది. ఎందుకు వెళ్ళగొడుతున్నారని అడిగింది. అన్నీ చెప్పేశాను. బిందె సంగతీ, కొట్టుగది సంగతీ కూడా.

"యా అల్లా!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "పిల్లి మూతి ఎట్టిన నీళ్ళు కూడా మాకు మైల కాదమ్మా. అదెదురొత్తే ఏటైపోతాదంట? ఉండనీ. దాని ఆయుస్సు ఉన్నంతకాలం ఇక్కడే ఉంటాది."

నాకు ఆవిడ కాళ్ళమీద పడాలనిపించింది. పడ్డాను కూడా. మామగారికి తెలిసి, "సాయిబులింట్లోనా?" అని మొహం చిట్లించారు. "మీ సంచీ కన్నా మంచి ఇల్లే" అన్నాను.

ఇల్లయితే దొరికింది గానీ, పిల్లి ఒప్పుకోవద్దూ! మంచం కింద దూరిపోయింది. మామ్మ పళ్ళెంలో పాలు పెడితే వాసన కూడా చూడలేదు. నేను వెళ్ళి అరచేతిలో పోసి పిలిచినా మొహం తిప్పేసుకుంది. శుక్రవారం సాయంత్రానికి దాని కళ్ళు గుంటలు పడిపోయాయి.

"మీ పెద్దమ్మనే పంపు" అంది మామ్మ. "దాని అలవాటు ఏళకి, ఆయమ్మ సేత్తో నాలుగు రోజులు తాగిందంటే ఈ ఇల్లు దానిదైపోతాది. లేదంటే బతకదు తల్లీ."

అలవాటు వేళ అంటే పొద్దున్నే. పెద్దమ్మకి చెబితే పాలచెంబు తోమడం మొదలెట్టింది. ఆఖరికి, "ఆడు ఎల్లిపోనాక ఎల్తానే" అంది.

ఆ శనివారం పొద్దున్న వర్జ్యం ఉందట. మామగారు తలపాగా చుట్టుకుని కూడా వీధరుగు మీద కూర్చుండిపోయారు. పిల్లి ఇల్లు మారింది కాబట్టి, మాట ప్రకారం నేనూ బిందె నింపుకుని పెరట్లో నిలబడ్డాను. పొద్దెక్కుతోంది. పెద్దమ్మ కొట్టుగదిలో పాలచెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎల్లేడా?" లోపలినుంచి అడిగింది.

"లేదు పెద్దమ్మా."

"నిన్నంతా కూడా ఏటీ ముట్టలేదన్నావు కదే?"

"మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

తలుపు తెరుచుకుంది. నేను తట్టకుండా ఆ తలుపు తెరుచుకోవడం నేను కాపరానికి వచ్చాక అదే మొదలు. పెద్దమ్మ తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని, చెంబు పట్టుకుని, నన్ను దాటుకుని పెరటి తలుపు తీసింది. ఆ సందు తిన్నగా మా వీధిలోనే తేలుతుంది. మా గుమ్మం దాటకుండా మామ్మ ఇంటికి దారి లేదు. ఆ సంగతి ఆవిడకి తెలియదా? నేను బిందె దించేసి ఆవిడ వెనకాలే నడిచాను.

సరిగ్గా అప్పుడే మామగారు చెప్పుల్లో కాళ్ళు పెట్టి మెట్లు దిగుతున్నారు. నిండు బిందె కోసం తలెత్తి చూసిన మనిషికి ఎదురుగా వాళ్ళక్క. పాలవాడు పితకడం ఆపేశాడు.

"అక్కా, లోపలికెల్లు" అన్నారు మామగారు, వీధికి వినబడకుండా.

పెద్దమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

"తప్పుకోరా తమ్ముడా. ఆ పేణం నాకోసం సూత్తంది."

ఆయన ఒక మెట్టు వెనక్కెక్కి పక్కకి జరిగారు. మేమిద్దరం ఆయన ముందునుంచే వెళ్ళాం.

మామ్మ ఇంట్లో పెద్దమ్మ నేలమీద చతికిలబడి, మంచం కిందికి చెయ్యి చాపి, అరచేతిలో పాలు పోసింది. చాలాసేపు ఏమీ కదల్లేదు. ఆ తర్వాత కుంటికాలు ముందుకొచ్చింది, దాని వెనక మొహం. చప్పుడు చేసుకుంటూ చెయ్యంతా నాకేసింది. పెద్దమ్మ ఏడుస్తూనే మళ్ళీ పోసింది.

"రేపొద్దున్న కూడా ఇదే ఏళకి వత్తాను" అని చెప్పింది దానికి.