వెలిగిన బల్బు, తప్పిన పరీక్ష

ఇంట్లోవాళ్లు ఆమెను బొంగరం అనేవారు. బట్టలు కుట్టింది, దుకాణంలో అమ్మింది, ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుంది. ఎక్కడా కుదురుగా నిలవలేదు. నలభయ్యో ఏట ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటానని పట్టుబట్టింది.

"ఇదైనా నాలుగు రోజులు చేస్తావా?" అన్నాడు బస్సు డ్రైవరైన భర్త.

మొదట చూసిన శిక్షణ కేంద్రంలో పనిముట్లన్నీ అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయి. రెండోది పాత రేకుల షెడ్డు. అక్కడి మాస్టారు గుమ్మంలోనే కటింగ్ ప్లేయర్ చేతికిచ్చి, "ఈ వైరు చివర తొక్క తీయండమ్మా" అన్నాడు. తీసింది.

"రాగికి గాటు పడింది. మళ్లీ తీయండి."

తప్పు చేసినా పనిముట్టు లాక్కోని మనిషి దొరికాడని ఆమె అక్కడే చేరిపోయింది.

లైసెన్సు పరీక్షలో అందరికంటే ముందు ఆమె బల్బే వెలిగింది. అయినా పరీక్షాధికారి ఫెయిల్ చేశాడు. తొందరలో ఆమె స్విచ్చును కరెంటు తెచ్చే ఫేజు వైరుకు బదులు న్యూట్రల్‌కు కలిపేసింది.

"స్విచ్చు ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. బల్బు మార్చేవాళ్ల గతేంటమ్మా?" అన్నాడాయన.

ఆ సాయంత్రమంతా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మానేస్తావా అని అడగబోయిన భర్త, ఆమె మొహం చూసి తానే కంచంలో అన్నం వడ్డించాడు. మర్నాడు మళ్లీ షెడ్డుకు వెళ్లింది. రెండోసారి పరీక్షలో ప్రతి వైరునూ టెస్టర్‌తో చూసుకుంటూ అందరికంటే ఆఖరున లేచింది. పాసయింది.

లైసెన్సు చూపిద్దామని ఆడపడుచు ఇంటికి వెళ్లింది.

"కూర్చో వదినా, నిలబడే ఉన్నావేంటి?"

"ఉండవే, కూర్చుంటాను. ముందు మీ మెయిన్ స్విచ్చు ఎక్కడుందో చూపించు."