కలపడాల్లేవు, తీయడాల్లేవు

ఆర్వో కంగాస్ గారికున్న జబ్బు ఒక్కటే. పుస్తకంలో రాసినదానికి ఒక్క ముక్క కలపనివ్వరు, ఒక్క ముక్క తీయనివ్వరు. ఆ పుస్తకం స్కౌట్ల నిబంధనల పుస్తకం. కోటు లోపలి జేబులో గుండెకి ఆనుకుని ఉండేది. డాక్టరు గుండె చూద్దామని స్టెతస్కోపు పెడితే ముందు పుస్తకం తగిలేదనీ, అది ఆరోగ్యంగానే ఉందని రాసి పంపించేసేవాడనీ ఊళ్లో చెప్పుకునేవారు.

ఆ ఊరు ఆల్డర్ ఫాల్స్. సుపీరియర్ సరస్సు దక్షిణపు ఒడ్డున, ఇనుప గనిని నమ్ముకుని బతికిన ఊరు. అక్కడ ఇనుప సామాన్ల కొట్టు నడిపే డెన్నిస్ ట్రెజోనా ఏడేళ్లుగా స్కౌట్ మాస్టరు. పిల్లలకి ముడులు వేయడం, మంట రాజేయడం, పడవ నడపడం నేర్పడం అతని పని. నేర్చుకున్నారా లేదా అని తేల్చి, బ్యాడ్జీలకి సిఫారసు చేయడం కంగాస్ గారి పని. గనిలో ముప్పై తొమ్మిదేళ్లు చేసి దిగిపోయిన మనిషి. భూమి అడుగున నేర్చిన జాగ్రత్తంతా భూమి మీద పిల్లల దగ్గర చూపించేవారు.

ఒకసారి క్యాంపింగ్ బ్యాడ్జీకి ఓ కుర్రాడు వచ్చాడు. ఇరవై రాత్రులు ఆరుబయట పడుకోవాలి.

"ఇరవయ్యో రాత్రి డేరాలోకి ఎలుగుబంటి వచ్చిందండీ. ట్రక్కులోకి పరిగెత్తాం," అన్నాడు వాడు.

"ఎన్నింటికి?"

"నాలుగింటికి."

"తెల్లారిందా?"

"లేదండీ."

"అయితే పంతొమ్మిది."

"ఎలుగుబంటండీ!" అని డెన్నిస్ అడ్డుపడ్డాడు.

"ఎలుగుబంటి వస్తే మినహాయింపని పుస్తకంలో లేదు డెన్నిస్. కలపడాల్లేవు, తీయడాల్లేవు."

కుర్రాడు ఇంకో రాత్రి వెళ్లి పడుకుని వచ్చాడు. పక్క డేరాలో కంగాస్ గారు కూడా పడుకున్నారు, ఎలుగుబంటి మళ్లీ వస్తే దానికి నిబంధనలు చెప్పడానికన్నట్టు.

ఈ జబ్బు స్కౌట్ల దగ్గర ఆగలేదు. చర్చి ఆడవాళ్లు చందాల కోసం పాస్టీలు అమ్మేవారు, మాంసం, దుంపలు కూరి కాల్చేవి. కొత్తగా వచ్చిన పాస్టరు గారి భార్య అందులో క్యారెట్ వేద్దామంది. కంగాస్ గారు వంటగదిలోకి వచ్చి, గోడకి అంటించిన కాగితం చదివి, "ఇందులో క్యారెట్ లేదమ్మా," అన్నారు. ఆవిడ ఆ ఏడాదంతా ఆయనకి ఎదురుపడితే వీధి దాటేది.

సొంత పెళ్లిలోనే పాస్టరు ప్రమాణాల్లో తనకి నచ్చిన రెండు వాక్యాలు చేరిస్తే పెళ్లికొడుకు ఆపి, "పుస్తకంలో అంతవరకే ఉందండీ," అన్నాడట. ఈ మాట ఆయన భార్య ఐలీ అందరికీ చెప్పేది. "అప్పుడే పారిపోవాల్సింది. కానీ బూట్లు బిగుతుగా ఉన్నాయి."

ఐతే అదే జబ్బు పిల్లలకి గొడుగులా కూడా పనిచేసేది. ఒకసారి పట్నం నుంచి వచ్చిన స్కౌట్ అధికారి ఒకాయన, మెట్టు పెంచేముందు జరిగే సమీక్షకి పిల్లలంతా టై కట్టుకుని రావాలన్నాడు. సగం మంది ఇళ్లలో టై లేదు. కంగాస్ గారు పుస్తకం తీసి ఆయన ముందు పెట్టి, "ఏ పేజీ అండీ?" అన్నారు. ఆయన తిప్పాడు, మళ్లీ తిప్పాడు. భోజనం వేళ దాటినా కంగాస్ గారు లేవనివ్వలేదు. ఆ టై సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రస్సెల్ పెరాలా ఈగల్ స్కౌట్ అయింది పంతొమ్మిది వందల ఎనభై రెండు సెప్టెంబరులో. ఈగల్ అంటే స్కౌట్లలో పై మెట్టు. ఇరవయ్యొక్క బ్యాడ్జీలు కావాలి. వాడి దగ్గర ఇరవై మూడున్నాయి. అప్పటికి గని మూసేసి ఏడాది. వాడి తండ్రి ఊపిరితిత్తుల జబ్బుతో అంతకు ముందే పోయాడు, తల్లి ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తోంది. రస్సెల్‌కి పదిహేడేళ్లు. హైస్కూలు ఆఖరి సంవత్సరం.

సమీక్ష అయ్యి, చేతులు కలిపాక వాడు, "ఈగల్ అవుతానని అమ్మకి మాటిచ్చాను, అయ్యాను. ఇక టెక్సస్ పోతున్నాను. అక్కడ చమురు బావుల్లో మామయ్య పని చూశాడు," అన్నాడు.

"స్కూలో?" అన్నాడు డెన్నిస్.

"స్కూలు పట్టా చూపిస్తే కిరాణా కొట్టువాడు సరుకులిస్తాడా అండీ?"

అప్పటికే వాడికి ఊరంతా చెప్పి చూశారు. లెక్కల టీచరు చెప్పింది, పాస్టరు చెప్పాడు, తల్లి ఏడ్చింది. ఎంత చెబితే అంత బిగుసుకుపోయాడు. కంగాస్ గారు ఒక్కరే చదువు మాట ఎత్తలేదు. పుస్తకం తెరిచి కళ్లజోడు సర్దుకున్నారు.

"ఈగల్ తర్వాత పామ్ ఉంటుంది, తెలుసా?"

"ఆ పిన్నా అండీ?"

"ఈత మట్ట ఆకారంలో చిన్న పిన్ను. ఇంకో అయిదు బ్యాడ్జీలు చేసి, మూడు నెలలు దళంలో పనిచేస్తే కంచుది. మరో మూడు నెలలు, మరో అయిదు, బంగారుది. మరో మూడు, మరో అయిదు, వెండిది. అన్నీ పద్దెనిమిదేళ్లు నిండేలోపే."

"బంగారం కంటే వెండి పెద్దదా?"

"పుస్తకంలో అలానే ఉంది."

"దానివల్ల ఉపయోగమేంటండీ?"

ఈ ప్రశ్న వింటే కంగాస్ గారికి పదేళ్లు తగ్గేవి. "పై మెట్టెక్కినవాడు అక్కడే కూర్చుని కాళ్లూపుకుంటాడని కనిపెట్టారబ్బాయ్ దీన్ని. నువ్వు నేర్చుకోవడం ఆపకుండా, కింద ఎక్కుతున్నవాళ్లకి చెయ్యందించడానికి. నీ దగ్గర రెండు ఎక్కువే ఉన్నాయిగా. కంచుకి మూడే తక్కువ."

రస్సెల్‌కి సగంలో వదిలేయడం చేతకాదు. ఆ సంగతి కంగాస్ గారికి తెలుసు. "డిసెంబరు దాకా అంతేగా," అనుకుంటూ వెళ్లాడు వాడు.

మూడింట్లో ఒకటి బాకా ఊదే బ్యాడ్జీ. అక్టోబరు, నవంబరు నెలల్లో పెరాలా వాళ్ల వీధిలో కుక్కలు ఇళ్లు మారిపోయాయి. డిసెంబరులో కంచు పామ్ వచ్చింది. "మార్చికి బంగారుది," అన్నారు కంగాస్ గారు. వాడు తల గోక్కున్నాడు. కుక్కల సంరక్షణ, బుట్టలల్లడం, వేలిముద్రలు, చెక్క చెక్కడం, వాతావరణం చేశాడు. వేలిముద్రల బ్యాడ్జీకి ఊళ్లో అందరి వేళ్లూ నల్లగా చేసి వదిలాడు.

మార్చి పద్నాలుగున సమీక్షకి చర్చి కింది గదిలో కూర్చున్నారు. బయట మోకాలి లోతు మంచు.

"ఇది అయిపోతే శనివారం బస్సెక్కుతున్నాను. బంగారం చాలండీ, వెండి వద్దు," అన్నాడు రస్సెల్.

డెన్నిస్ సంతకం పెట్టబోయాడు. కంగాస్ గారు కాగితం మీద అరచెయ్యి పెట్టారు.

"ఆగు. నాయకత్వం సంగతి తేలలేదు."

"రెండు నెలలుగా చిన్నపిల్లల జట్టుని నడిపిస్తున్నది వీడేగా?" అన్నాడు డెన్నిస్.

"చాలదు. బంగారు పామ్‌కి ఒక క్యాంపు మొత్తం తనే నడపాలి. సరస్సు మీద మంచు కరిగాక, మే నెలలో. నలభై మూడో పేజీ."

"ఏంటండీ ఇది! వాడికి న్యాయంగా రావాల్సింది!" అని డెన్నిస్ బల్ల గుద్దాడు. "మీకు పుస్తకం తప్ప మనుషులు కనపడరా?"

కంగాస్ గారి చెవులు ఎర్రబడ్డాయి. "నలభై మూడో పేజీ," అన్నారు మళ్లీ, మెల్లగా.

తెరిచి చూడాలని డెన్నిస్‌కి తోచలేదు. కంగాస్ గారు పేజీ నంబరు చెప్పాక పుస్తకం తెరవడమంటే, పాస్టరు చదువుతుంటే బైబిలు లాక్కుని సరిచూడటమే. రస్సెల్ ఎవరివంకా చూడకుండా టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. శనివారం బస్సు వెళ్లింది. రస్సెల్ ఎక్కలేదు.

మే మూడోవారంలో పద్నాలుగు మంది చిన్నపిల్లల్ని సరస్సు ఒడ్డుకి తీసుకెళ్లాడు. వాన కురిసింది, ఇద్దరు పడవతో సహా నీళ్లలో పడ్డారు, ఒకడు ఇంటిమీద బెంగతో ఏడ్చాడు. వాడి పక్కన కూర్చుని రస్సెల్ తన బాకా చేతికిచ్చాడు. ఏడుపాగింది, మిగతావాళ్లది మొదలైంది. నెలాఖరుకి బంగారు పామ్ వచ్చింది. పద్దెనిమిదో పుట్టినరోజు జూలైలో. వెండిదానికి ఇంకో మూడు నెలలు కావాలి కాబట్టి అది ఇక లేదు.

పై ఆఫీసుకి పంపే కాగితం నింపుతూ, నిబంధన అచ్చం అలానే రాద్దామని డెన్నిస్ తన పుస్తకంలో నలభై మూడో పేజీ తీశాడు. పడవెక్కేవాళ్లు లైఫ్ జాకెట్లు ఎలా కట్టుకోవాలో ఉంది అందులో. అట్ట నుంచి అట్ట దాకా చూశాడు. నాయకత్వం చూపించడానికి తగినంత ప్రయత్నం చేయాలని ఒక్క ముక్క ఉంది. క్యాంపు లేదు, మే నెల లేదు, మంచూ లేదు.

శనివారం మధ్యాహ్నం నేరుగా కంగాస్ గారింటికెళ్లాడు. ఐలీ తలుపు తీసి, "సౌనాలో ఉన్నాడు. నువ్వూ వెళ్లు, ఊరికే నిలబడి మాట్లాడితే ఏం తేలుతుంది," అని తువ్వాలు చేతిలో పెట్టింది. బట్టలు విప్పి ఆవిరి గదిలోకి వెళ్లాడు డెన్నిస్. పై బల్ల మీద కంగాస్ గారు కళ్లు మూసుకుని కూర్చున్నారు.

"లైఫ్ జాకెట్లు," అన్నాడు డెన్నిస్.

కంగాస్ గారు కళ్లు తెరవలేదు. గరిటెతో వేడిరాళ్ల మీద నీళ్లు పోశారు. ఆవిరి సర్రున లేచింది.

"సెప్టెంబరులో లెక్కేశాను డెన్నిస్. మూడు, మూడు, మూడు. తొమ్మిది నెలలు. జూన్. స్కూలు అయిపోయే నెల. దేవుడు కూర్చుని రాసినట్టు కుదిరింది, ఒక్క ముక్క కలపక్కర్లేదు అనుకున్నాను. మార్చిలో వాడు బంగారం చాలన్నాడు."

"వాడికి వెండిది పోయింది."

"పోయింది. పోగొట్టింది నేనే. ఇన్నేళ్లలో వెండిది తీసుకున్న కుర్రాడు మన దళంలో ఒక్కడూ లేడు. వీడు తీసుకునేవాడు."

"చదువు మానొద్దని మీరే చెప్పొచ్చుగా?"

"ఊరంతా చెప్పారు, విన్నాడా? నాకు పదహారేళ్లప్పుడు కూడా, చదువు మాని గనిలో దిగొద్దని అందరూ చెప్పారు. గని మూసినరోజు గానీ వినపడలేదు."

బయటికొచ్చి ఒళ్లు తుడుచుకుంటూ ఆయన కోటు జేబులోంచి ఒక కవరు తీసిచ్చారు. రాజీనామా. నిబంధనకి స్వయంగా అదనపు ముక్క చేర్చినందుకు తాను ఈ పనికి తగనని రెండే వాక్యాలు.

"పుచ్చుకోనండీ," అన్నాడు డెన్నిస్.

"పుచ్చుకోవాలి. వాడికి చెప్పాలి కూడా. నాకు నోరు రావట్లేదు."

సోమవారం సాయంత్రం రస్సెల్ గొళ్లెం కొనడానికి కొట్టుకొచ్చాడు. డెన్నిస్ గొంతు సవరించుకున్నాడు.

"రస్సెల్, నీతో ఓ సంగతి చెప్పాలి. మార్చిలో..."

"నలభై మూడో పేజీయా అండీ?"

డెన్నిస్ చేతిలో గొళ్లెం జారింది. "నీకు తెలుసా?"

"ఆ సాయంత్రమే చూశానండీ. నా దగ్గరా ఉందిగా పుస్తకం. పట్టుకుని గొడవ పెట్టుకుందామని వాళ్లింటికెళ్లాను. వంటింటి కిటికీలోంచి చూస్తే, ఆయన కూడా అదే పేజీ తెరుచుకుని కూర్చున్నాడు. మొహం చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టుంది. ఐలీ గారు పక్కన నిలబడి వీపు నిమురుతోంది." వాడు బూటు కొసతో నేల గీశాడు. "నాకోసం అంత కష్టపడి అబద్ధమాడిన మనిషిని పట్టించేసి బస్సెక్కమంటారా?"

డెన్నిస్ వంగి, కిందపడ్డ గొళ్లెం తీసి బల్ల మీద పెట్టాడు.

"అదీగాక," అన్నాడు రస్సెల్ కాస్త నవ్వుతూ, "మామయ్యకి చెప్పడానికి నాకూ ఏదో ఒక కారణం కావాల్సొచ్చింది లెండి. చదువుకోవాలనుందంటే నవ్వేవాడు. స్కౌట్ల ముసలాయన వదలట్లేదంటే ఊరుకున్నాడు."

డెన్నిస్ కవరు ముందుకు తోశాడు. రస్సెల్ చదివి, పెన్సిలు అడిగి, కింద రాశాడు: "అన్యాయం జరిగిందని అప్పీలు చేసుకునే హక్కు స్కౌట్‌ది. ఆ స్కౌట్‌ని నేను. చేసుకోవట్లేదు." సంతకం పెట్టి, గొళ్లెం తీసుకుని వెళ్లిపోయాడు.

జూన్ మూడున స్కూలు జిమ్‌లో పట్టాలిచ్చారు. ఉక్కపోత, కుర్చీలు చాలలేదు. పేర్లన్నీ పిలవడం అయ్యేదాకా చప్పట్లు కొట్టవద్దని కార్యక్రమం కాగితం మీద అచ్చేశారు, ప్రిన్సిపాల్ రెండుసార్లు చెప్పింది కూడా. అందరూ బుద్ధిగా కూర్చున్నారు. ఒక్కొక్కరే వచ్చి పట్టా తీసుకుని దిగుతున్నారు, బూట్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"రస్సెల్ పెరాలా."

నాలుగో వరుసలో కంగాస్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మొదలెట్టారు. గనిలో పనిచేసిన చేతులు, జిమ్ అంతా మోగింది. జనం తలలు తిప్పారు. డెన్నిస్ నోరు తెరుచుకుని చూశాడు. ఐలీ ఆయన కోటు పట్టి లాగింది.

"కూర్చో ఆర్వో! కొట్టొద్దని కాగితంలో రాసుంది."

"చదివాను," అన్నారు కంగాస్ గారు, ఆపకుండా.

రస్సెల్ తల్లి లేచింది. తర్వాత డెన్నిస్, తర్వాత ఆ పద్నాలుగు మంది పిల్లలు ఈలలేస్తూ లేచారు. ప్రిన్సిపాల్ తర్వాతి పేరు మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.