ఏసురత్నానికి కనపడని మొన

మా ప్రగతి నగర్ అపార్ట్‌మెంట్‌లో ఏసురత్నం అంత మొండిఘటం ఇంకొకడు లేడు. తెనాలి వైపు మనిషి. మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చి, రాయదుర్గంలో భూముల వ్యాపారం చేసే సంయుక్త గారికి గన్‌మన్‌గా చేరాడు. రివాల్వర్ గొట్టం చివరనుండే చిన్న మొనను వెనకనున్న గాడిలో కూర్చోబెట్టి, అది స్పష్టంగా కనపడ్డాకే వేలు కదపాలన్నది ఆయన సిద్ధాంతం. రోజూ పొద్దున్నే ఖాళీ రివాల్వర్‌ను గోడకు గురిపెట్టేవాడు. "బైబిలు వాక్యాల క్యాలెండర్ మీదికి మాత్రం పెట్టకండి," అని భార్య సుగుణ కసిరేది.

తోటి గన్‌మన్ రాజేందర్ చిన్నవాడు, శేరిలింగంపల్లి మనిషి.

"మీదికొచ్చినోణ్ణి మొన వెట్టి జూసేలోపల కత్తి దిగుతది అన్నా. నడుము కాడికెల్లే కొట్టు. చేతికి తెలుస్తది," అనేవాడు.

"చేతికి కళ్ళుంటాయేంట్రా?" అని ఏసురత్నం ఎగిరిపడేవాడు.

అయినా రాజేందర్ వదల్లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆఫీసు సెల్లారులో నిలబెట్టి మరీ అలవాటు చేయించాడు. ఈయన తిట్టుకుంటూనే నేర్చుకున్నాడు.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. రెండేళ్లుగా ఆయనకు ఆ మొన కనపడటం లేదు. చత్వారం. అద్దాలు పెడితే మొన కనపడుతుంది, ఎదుటి మనిషి అలుక్కుపోతాడు. తీస్తే మనిషి కనపడతాడు, మొన మాయం. ఉద్యోగం పోతుందని సుగుణకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మే నెలలో ఒకరోజు పదకొండింటికి, సెల్లారులో సంయుక్త గారు కారు దిగుతుండగా ఇద్దరు వేటకొడవళ్లతో స్తంభాల చాటు నుంచి దూకారు. ఒకడు ఏసురత్నం మీద పడ్డాడు. మొదటి వేటుకే ఎడమ చేతిలో ఎముక తేలింది. రెండో వేటు పడేలోపు ఆయన కుడి చెయ్యి నడుము దగ్గర నుంచే రెండుసార్లు పేల్చింది. వాడు కడుపు పట్టుకుని ఆయన బూట్ల మీదే కూలాడు. మొన చూడలేదు, గాడి చూడలేదు.

రెండోవాడు కారుకు అవతల, ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. రాజేందర్ సంయుక్త గారిని కారులోకి తోసి తన పిస్తోలు తీసేలోపే వాడు నరికాడు. చెవి తెగింది, భుజం తెగింది. రాజేందర్ గోడకు ఆనుకుని, కొడవలి పట్టిన వాడి చేతిని రెండు చేతులా ఒడిసిపట్టాడు. ఇద్దరి తలలూ పక్కపక్కనే ఉన్నాయి.

ఏసురత్నం రివాల్వర్ కంటి ఎత్తుకు లేపాడు. గొట్టం చివర మొన లేదు, మసక ఉంది. ఆ మసక ఒకసారి వాడి తల మీదికి పోతోంది, ఒకసారి రాజేందర్ తల మీదికి.

"కొట్టన్నా!" అని రాజేందర్ అరిచాడు.

కొట్టలేదు. కారు చుట్టూ పరిగెత్తి, గొట్టాన్ని వాడి కణతకు ఆనించి పేల్చాడు. నెత్తురు గోడకు చిమ్మింది. అప్పటికే కొడవలి రాజేందర్ మెడలో సగం దాకా దిగి ఉంది. ఏసురత్నం తన తెగిన చేతినే ఆ గాయం మీద అదిమి కూర్చున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు పోతూనే ఉంది. అంబులెన్స్ వచ్చేసరికి రాజేందర్ లేడు.

పదకొండో రోజున రాజేందర్ ఇంటికి ఏసురత్నాన్ని నేనే తీసుకెళ్లాను. రాజేందర్ భార్య సౌజన్య మంచినీళ్లిచ్చింది. ఆయన ముట్టలేదు. జేబులోంచి అద్దాలు తీసి చాప మీద పెట్టాడు.

"నాకు గురి కనపడలేదమ్మా. రెండేళ్ల నుంచీ కనపడట్లేదు. చెప్పుంటే నా బదులు కళ్ళున్నోడు ఉండేవాడు. నీ పెనిమిటిని నేనే చంపుకున్నాను."

సౌజన్య ఆ అద్దాల వంకే చూస్తూ కూర్చుంది.

"ఆయనకు ఎర్కే అన్నా," అంది. "ఫోన్ల నంబర్ జూడనీకి నువ్వు చెయ్యి ఎంత దూరం వెడ్తవో చూసిండంట. దగ్గరికొచ్చినోడు అన్నకు, దూరమున్నోడు నాకు అని రోజూ నీకు అవతలి దిక్కే నిలబడేటోడు. ఆఫీసుల చెప్పమని నేనంటే, అన్న నౌకరీ పోతది, ఊకో అన్నడు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనన్నా ఆఫీసుల చెప్పకపోతిని."