రెండు లీటర్ల సముద్రం

ఆ నిమ్మమొక్కను చంపింది నేనేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నిన్న హాస్టల్లో అమ్మాయిలు బీచ్ నుంచి వచ్చి తడి చున్నీలు ఆరేస్తుంటే, ఆ ఉప్పు వాసనకు ఐదో తరగతి విహారయాత్ర గుర్తొచ్చింది. అందరూ గుర్రాలెక్కి, లైట్‌హౌస్ చూస్తుంటే, నేను రెండు లీటర్ల సీసా నిండా సముద్రపు నీళ్లు పట్టుకున్నాను.

“ఏమే, సముద్రాన్నే మన ఊరు బెళుగుప్పకు మోసుకపోతాండావా?” అని నా నేస్తం లక్ష్మి నవ్వింది.

ఉప్పగా ఉంటే ఏమి, మా బోరు నీళ్లూ ఉప్పనే కదా అనుకున్నాను.

రెండు వేసవులు ముఖం కడిగిన నీళ్లు పోసి నాయన బతికించుకున్న మొక్క ఆ నిమ్మమొక్క. ఆయన మురిసిపోతాడని, ఇంటికి రాగానే సీసా మొత్తం దాని మొదట్లో ఒంపాను. వారానికే ఎండిపోయింది.

నాయన దాన్ని పీకేస్తుంటే ఖాళీ సీసాను వెనక దాచుకున్నాను. మరుసటి రోజు బెంగళూరుకు కూలికి పోతూ అన్నాడు:

“మన నేలలో ఏదీ బతకదు పాపా. నువ్వన్నా ఈడ ఉండాకు.”