రాహుకాలంలో స్కానింగు

మా అమ్మకు పక్షవాతం వచ్చింది ఒక శుక్రవారం పొద్దున. పాలు పొంగిపోతున్నా దించకుండా అట్లే నిలబడి ఉంటే అనుమానమొచ్చి చూశాను. మూతి వంకరపోయింది, కుడి చెయ్యి వేలాడుతోంది, పిలిస్తే పలుకు లేదు. కోయిలకుంట్ల నుంచి కారులో కర్నూలుకు పరుగెత్తించాం. పదిన్నరకల్లా స్కానింగు గది ముందున్నాం. తొందరగానే తెచ్చారని డాక్టరు మెచ్చుకున్నాడు కూడా.

చేతి నరంలోకి మందు ఎక్కించి, అది మెదడులో ఏ మూలకు ఎంత ఆలస్యంగా చేరుతోందో చూస్తారట. "కొంత భాగం ఇప్పటికే చచ్చిపోయుంటుంది. దాని చుట్టూ నీళ్లందని మడి మాదిరి ఎండిపోతున్న భాగం ఉంటుంది. అదెంతుందో తెలిస్తే కాపాడేదానికి చూస్తాం. ఆలస్యం చేయొద్దండి," అన్నాడు. డిగ్రీలో నేను చదివింది సైన్సే. బాగానే అర్థమైంది.

లోపలికి లోహం పోకూడదు. గాజులు, కమ్మలు, మెట్టెలు తీశాం. తాళి దగ్గర మేనత్త అడ్డం పడింది.

"మొగుడు కండ్లెదురుగా ఉండాడు. మెడ బోసి చేస్తారా?"

స్కానింగు చేసే ఆయనకు ఇది కొత్త కాదు. "పసుపుకొమ్ము దారానికి కట్టి మెడలో వేసి, తర్వాత ఇది తీయండమ్మా," అన్నాడు. రెండు నిమిషాల పని. కొమ్ము ఎదురంగట్లోనే దొరికింది. కట్టాల్సింది మా నాయన. అంతలో అత్త గోడ గడియారం చూసింది.

"రాహుకాలం పడింది కదరా. ఈ గడియలో తాళి కట్టేది యాడన్నా ఉండాదా? పన్నెండు కానీ."

నాయన కొమ్మును జేబులో వేసుకున్నాడు. బజారంతటినీ దబాయించే మనిషి, అక్క ముందు పిల్లయిపోతాడు. స్కానింగాయన రెండుసార్లు వచ్చి కోప్పడి, మూడోసారి ఇంకో పేషెంటును లోపలికి తీసుకుపోయాడు.

స్ట్రెచర్ మీద అమ్మ ఎడమ చేత్తో తాళి పట్టుకొని ఉంది. "సూడండి, ఇంత కష్టంలోనూ ఇడిసిపెట్టలేదు మహాతల్లి," అని అత్త కండ్లు తుడుచుకుంది. నేను పక్కనే ఉన్నాను. అమ్మ దాన్ని తల మీదుగా తీసేయడానికి లాగుతోంది. గడ్డం దాకా తెచ్చింది. అత్త ఆ చెయ్యి పట్టి కిందికి దించి, తాళి సర్ది, దుప్పటి కప్పింది. నేను చూస్తూ ఉన్నాను.

పన్నెండు దాటినాక నాయన కొమ్ము కట్టాడు. స్కానింగులో మెదడు ఎడమవైపు రక్తం అందని భాగం శానా పెద్దదని తేలింది. "ఇప్పుడు చేయగలిగింది లేదు. పదిన్నరకే వచ్చారు కదా మీరు," అని డాక్టరు మా మొహాల్లోకి చూశాడు.

అమ్మ నాలుగేళ్లు బతికింది, ఒక్క మాట లేకుండా. పోయిన రోజు అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పింది, పసుపు కుంకుమలతో పోయింది, పుణ్యాత్మురాలని. నాకు ఒళ్లు మండింది. కానీ అత్తను తిట్టుకోవడం సులువు. ఆ పొద్దు మాట పడిపోయింది అమ్మకు, నాకు కాదు.