తోలు మీద పడ్డ దెబ్బ

యూదుల మతగురువు, రబ్బీ, అంటే మెల్లగా మాట్లాడేవాడు, గడ్డం నిమురుకుంటూ చిరునవ్వు నవ్వేవాడు అనుకుంటారు జనం. నాకు గడ్డం ఉంది. మిగతావి లేవు. నాది ముక్కు మీద కోపం. ప్రార్థన మధ్యలో ఎవరి ఫోనైనా మోగిందంటే నా చూపుకే ఆ మనిషి సగం చస్తాడు. మొదటి వరసలో కూర్చున్న మా ఆవిడ కళ్లతోనే ఆపమంటుంది. ఇంటికొచ్చాక నోటితో అంటుంది.

మాది గుంటూరు జిల్లా. తోళ్లు పదును చేసుకుని బతికిన పేట. ఆ పేటలో కొన్ని కుటుంబాలు యూదుల ధర్మం పాటిస్తాయి. ఎప్పటి నుంచి అంటే ఒక్కో పెద్దమనిషి ఒక్కో కథ చెబుతాడు, నేను వాదన పెట్టుకోను. శనివారం మాకు విశ్రాంతిదినం, ఇళ్లల్లో పొయ్యి వెలగదు. ఊళ్లోవాళ్లకి మేం వింత, పక్క వీధి చర్చివాళ్లకి అంతకన్నా వింత. ఆ పేట నుంచి బయల్దేరి, యెరూషలేములో చదువుకుని రబ్బీనై, చివరికి టెక్సాస్‌లో ఇర్వింగ్ పక్కన, హైవేని ఆనుకున్న ఒక షాపుల వరసలో తేలాను. మా సమాజమందిరానికి ఒక పక్క గోళ్లకు రంగులేసే సెలూన్, ఇంకో పక్క ఇండియన్ గ్రోసరీ. గ్రోసరీ ఆవిడ తెలుగావిడే. "పాస్టర్ గారూ, గోంగూర ఫ్రెష్‌గా వచ్చిందండీ" అంటుంది. పాస్టర్ని కాదమ్మా అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఇప్పుడు మాట్లాడకుండా గోంగూర తెచ్చుకుంటున్నాను.

శనివారం బండి నడపకూడదు మాకు. ఈ ఊళ్లో కార్ లేకపోతే పాల ప్యాకెట్ కూడా దొరకదు. అందుకని ఎవరు ఎలా వచ్చారో నేను అడగను. అడిగితే నేనూ, మా ఆవిడా, గోడలూ మిగులుతాం.

కోపిష్టి మనుషులంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. దేవుడు స్వయంగా రాసిచ్చిన రాతిపలకల్ని కొండ దిగుతూనే నేలకేసి పగలగొట్టాడే మా ప్రవక్త, ఆయనంటే నాకు ప్రాణం. ఆయన ఓపిక గురించి అందరూ ప్రసంగాలు చేస్తారు. నేను ఆ పగలగొట్టడం గురించే చేస్తాను.

మా నాన్నకి కోపం లేదు. అదే నా కోపం. చిన్నప్పుడు ఒకసారి పదును చేసిన తోళ్ల మోపు ఎత్తుకుని ఆయన, వెనకాలే నేను, కాలవగట్టు మీద వెళ్తున్నాం. నాన్న కాళ్లకి చెప్పులున్నాయి, ఆయన కుట్టుకున్నవే. ఎదురొచ్చిన మోతుబరి మనుషులకి అవి కంటబడ్డాయి. మాటా మంతీ లేదు, వాళ్ల ఎడ్లబండి నుంచి కర్ర లాగి కొట్టడం మొదలెట్టారు. గట్టు కింద బురద. నాన్న మోపుని గుండెలకి అదుముకుని, దాని మీదకి వంగిపోయి, వీపు వాళ్లకి వదిలేశాడు. కర్ర పడ్డ చోటల్లా చొక్కా చీలింది, చొక్కా కింద చర్మం చీలింది. వాళ్లకి చేతులు నొప్పెట్టాక వెళ్లిపోయారు. ఇంటికొచ్చాక ఆ వీపుకి కొబ్బరినూనె రాసింది నేను. "మోపు వదిలేసి నువ్వూ కొట్టొచ్చు కదా నాన్నా" అని అడిగాను ఏడుస్తూ. "తోళ్లు బురదలో పడితే ఏం తింటావురా" అన్నాడు. నా వేళ్లు ఆ వీపు మీద ఎక్కడెక్కడ తిరిగాయో నాకిప్పటికీ తెలుసు.

ఇక మా మందిరంలో పెద్దాయన సంగతి. ఎనభై దాటిన మనిషి, కర్రలా నిటారుగా ఉంటాడు. విశ్రాంతిదినాన మేం కరెంటు మీటలు ముట్టం కాబట్టి డోర్‌బెల్ ఉండదు. ఆయనే తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లకి చేత్తో తీసి, పేరుపేరునా పలకరించి మళ్లీ మూస్తాడు. ప్రార్థన అయ్యాక ఆయనకీ నాకూ ఒక చిన్న సరదా ఉంది. ఉప్పులో ఊరిన హెరింగ్ చేప ముక్క ఆయన తెస్తాడు, మా ఆవిడ పెట్టిన ఆవకాయ నేను తెస్తాను. చేప మీద ఆ ఎర్రనూనె ఇంత పోసుకుని ఇద్దరం నిలబడే తింటాం. మొదటిసారి ఆయనకి కళ్లలో నీళ్లు కారిపోయాయి. "మీవాళ్లు దీన్ని శత్రువులకి పెడతారా?" అన్నాడు. అన్నవాడు ఇంకో ముక్క తీసుకున్నాడు.

మా మందిరంలోని తోరా చుట్ట ఆయన ఇంటిదే. తోలు పలకలు కుట్టి, ఇంకు చుక్కతో ఒక్కో అక్షరం చేత్తో రాసి, రెండు చెక్క పిడికర్రలకి చుట్టిన ధర్మశాస్త్రం అది. రెండో ప్రపంచ యుద్ధంలో, నాన్న తప్ప ఆయన వాళ్లందర్నీ యూదులని చంపేశారు. వాళ్ల నాన్న దీన్ని దుప్పట్లో చుట్టి, పసివాడైన ఈయన్ని దాని పక్కన పడుకోబెట్టుకుని ఓడలో తెచ్చాడు. ఆయనకి అన్నదమ్ములైనా, అక్కచెల్లెళ్లైనా అదే.

శనివారం చదవబోయే ముందు ఆ చుట్టని కుడి భుజానికి ఆనించుకుని హాలంతా తిప్పుతాం. జనం ప్రార్థన శాలువా అంచుతో దాన్ని తాకి, ఆ అంచుని ముద్దు పెట్టుకుంటారు. పెద్దాయన తలుపు వదిలి రాడు. అందుకని నేనే చివర్లో గుమ్మం దాకా తీసుకెళ్తాను. అది మా ఇద్దరి మధ్యా ఏర్పడ్డ ఆచారం, ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ శనివారం కూడా అలాగే వెళ్లాను. పెద్దాయన శాలువా అంచు చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే ఎవరో తలుపు తట్టారు. ఆలస్యంగా వచ్చే మనిషి ఎవరో అనుకుని ఆయన నవ్వుతూ తీశాడు.

వచ్చినవాణ్ణి మేం ఎన్నడూ చూడలేదు. చేతిలో సుత్తి. యూదుల్ని ఒక బూతుమాట అన్నాడు, సుత్తి ఎత్తాడు. పెద్దాయన కదల్లేదు. ఎలా కదులుతాడు, ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో తన శాలువా అంచు పట్టుకునే ఉన్నాడు. నేను ఆలోచించానని ఎవరైనా అంటే నమ్మకండి. నా రెండు చేతుల్లో ఉన్నది ఒకటే. దాన్ని ఆయన తలకి అడ్డంగా తోశాను.

మొదటి దెబ్బకి పిడికర్ర విరిగింది. రెండో దెబ్బకి వెల్వెట్ ముసుగు చీలి, సుత్తి వెనక మేకులు పీకే గోళ్లు తోలులో దిగాయి. వాడు బయటికి లాగాడు, తోలు పర్రుమని చిరిగింది. ఆ చప్పుడు నాకు తెలుసు. తర్వాతి దెబ్బ నా కుడి భుజం ఎముక మీద పడింది. కళ్లు బైర్లు కమ్మాయి. చుట్ట నేల మీద పడింది, విరిగిన పిడికర్ర మాత్రం ఎడమ చేతిలో మిగిలింది. దాంతో వాడి మొహం మీద పొడిచాను. ముక్కు పగిలిన సంగతి చేతికి తెలిసింది. వాడు వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడి గుండెల మీద మోకాలు పెట్టి మళ్లీ కొట్టాను, మళ్లీ కొట్టాను. నోటి నుంచి ఇంగ్లీషు రాలేదు, హీబ్రూ రాలేదు. మా పేట తిట్లు వచ్చాయి. కాలవగట్టు మీద ఆ రోజు మా నాన్న తిట్టాల్సినవన్నీ వచ్చాయి. అవి ఆ హాల్లో అర్థమైంది మా ఆవిడకి ఒక్కదానికే. ఆవిడే వచ్చి నా నడుం పట్టుకుని వెనక్కి లాగింది.

"వదులయ్యా. చచ్చిపోతాడు. చాలు, నా మాట విను, వదులు."

వదిలాను. పోలీసులు వచ్చి వాణ్ణి తీసుకెళ్లారు. వాడు ఇప్పుడు జైల్లో ఉన్నాడు. వాణ్ణి కొట్టినందుకు నాకు సిగ్గుగా ఉందా అని చాలామంది అడిగారు. లేదు. ఆ దెబ్బలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు హాయిగా ఉంటుంది. ఆ హాయి ఏమిటో దేవుడూ నేనూ తేల్చుకోవాల్సిన విషయం.

నన్ను భయపెట్టింది వేరే. పెద్దాయన ఒంటి మీద గీత కూడా పడలేదు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, చిరిగిన తోలు ముక్కల్ని ఒళ్లోకి తీసుకుని, వాటి మీద రక్తాన్ని చొక్కా చేతి అంచుతో తుడుస్తున్నాడు. అందులో వాడి రక్తం ఉంది, నాదీ ఉంది. తుడిచినకొద్దీ అక్షరాలు చెరిగిపోతున్నాయి. నన్ను అంబులెన్స్ ఎక్కించేటప్పుడు ఆయన్ని పిలిచాను. ఆయన తల ఎత్తలేదు.

తోరాలు రాసే లేఖకుడు వేరే ఊరి నుంచి వచ్చి, చుట్టని బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. అసలే పాత తోలు, సిరా ఎప్పటి నుంచో పెచ్చులూడుతోంది, ఇప్పుడీ చిరుగులు, ఈ రక్తం. "ఇది ఇక లేవదు" అన్నాడు. చదవడానికి పనికిరాని చుట్టని మేం పారెయ్యం, మనిషిని పాతిపెట్టినట్టే శ్మశానంలో పాతిపెడతాం. ఆ కబురు ఫోన్లో చెబితే పెద్దాయన విని, పెట్టేశాడు. మందిరానికి రావడం మానేశాడు. తలుపు దగ్గర యూనిఫామ్ వేసుకున్న గార్డుని పెట్టుకున్నాం. పక్క ఊరి మందిరం వాళ్లు ఒక చుట్టని అరువిచ్చారు. నా చెయ్యి కట్టులో ఉంది కనక మా ఆవిడ మోసింది. నా అలవాటు చూసీ చూసీ తనూ గుమ్మం దాకా వెళ్లింది. ఆ గార్డు ఏం చెయ్యాలో తెలీక టోపీ తీశాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇక ఉండబట్టలేక, మా ఆవిడ డ్రైవ్ చేస్తే ఆయన ఇంటికి వెళ్లాను, ఆవకాయ సీసా పట్టుకుని. ఆవిడ కార్‌లోనే ఉంది. పెద్దాయన తలుపు తీశాడు, లోపలికి రమ్మనలేదు.

"నా వయసెంతో తెలుసా రబ్బీ?" అన్నాడు.

"తెలుసండీ."

"అది మా తాత కంటే పెద్దది. నేను రేపో మాపో పోయేవాణ్ణి. ఈ తలకాయ కోసం దాన్ని అడ్డం పెట్టావు. పెట్టమని నిన్నెవరు అడిగారు?"

"ప్రాణం కాపాడ్డానికి ఏదైనా పక్కన పెట్టొచ్చని మన ధర్మం..."

"ధర్మం నాకు చెప్పకు. నువ్వు పుట్టకముందే చదువుకున్నాను. మా ఇంట్లోవాళ్లందరినీ చంపినవాళ్లు దాన్ని మాత్రం ముట్టుకోలేకపోయారు. మా నాన్న నా చేతుల్లో పెట్టి పోయాడు. ఇప్పుడు నేను పైకి పోయి ఆయనకేం చెప్పాలి?"

అక్కడ నేను తల వంచుకుని ఊరుకోవాలి. పరామర్శకి వెళ్లిన రబ్బీ చెయ్యాల్సింది అదే. నాకు ఒళ్లు మండిపోయింది.

"అది తోలండీ," అని అరిచాను. "తోలు గురించి నాకు చెప్పకండి, నేను తోళ్ల మధ్యే పుట్టాను. మా నాన్న తోళ్లు కాపాడ్డానికి వీపు అడ్డం పెట్టాడు. అందరూ కలిసి బండికర్రతో చావగొట్టారు. ఆ వీపుకి నూనె రాసింది నేను. నాకప్పుడు ఆ తోళ్లంటే అసహ్యం వేసింది, వాటిని కాలవలో పారెయ్యాలనిపించింది. మళ్లీ ఇంకో మనిషి వీపుకి నూనె రాయడం నా వల్ల కాదు. మీ వీపుకి అసలే కాదు. అందుకే పెట్టాను. రేపు మళ్లీ ఎవడైనా సుత్తి తెస్తే మళ్లీ పెడతాను. మీ నాన్నగారికి నా పేరు చెప్పండి."

పక్క ఇంటి కిటికీ తెరుచుకుంది. పెద్దాయన అటు చూశాడు. తలుపు వేసేశాడు.

కార్‌లో కూర్చున్నాక మా ఆవిడ నా వైపు చూడకుండానే అడిగింది.

"అరిచావా?"

"అరిచాను."

"నీ కోపం తగలెయ్య. ఆవకాయ ఇచ్చావా?"

"గుమ్మం దగ్గర పెట్టొచ్చాను."

"మూత గట్టిగా పెట్టావో లేదో," అని స్టార్ట్ చేసింది.

చుట్టని పాతిపెట్టే రోజు ఎండ దంచేస్తోంది. నా ప్రార్థన శాలువాలోనే దాన్ని చుట్టాను, విరిగిన పిడికర్ర కూడా లోపలే పెట్టాను. ఆయన రాడనుకున్నాం. గొయ్యిలోకి దింపుతుండగా ఆయన పాత కార్ వచ్చి ఆగింది. ఎవరినీ పలకరించకుండా నడిచి వచ్చి గొయ్యి అంచున నిలబడ్డాడు.

మా దగ్గర మట్టి వేయడానికి ఒక పద్ధతుంది. మొదట పారని తిరగేసి, వీపు వైపుతో వేస్తాం. పోయినవాళ్లని సాగనంపడానికి మాకు తొందర లేదని దానర్థం. వేసినవాడు పారని తర్వాతివాడి చేతికి ఇవ్వడు. మట్టిలో గుచ్చి పక్కకి తప్పుకుంటాడు. తర్వాతివాడు వచ్చి తనే పీక్కోవాలి. ఒకరి దుఃఖం ఒకరి చేతికి అందించకూడదని అంటారు. ఈ పద్ధతి నేనే ఎన్నోసార్లు అందరికీ చెప్పాను, తప్పినవాళ్ల మీద కసురుకున్నాను కూడా.

మొదట పెద్దాయనే వేశాడు. తిరగేసిన పార మీద మట్టి నిలవదు, జారిపోతుంది. మళ్లీ తీశాడు, మళ్లీ వేశాడు. శాలువా మీద మట్టి పడ్డ చప్పుడుకి ఆయన నోటి నుంచి చిన్న మూలుగు వచ్చింది. తర్వాత వంతు నాది. ఆయన పారని గుచ్చుతాడని ఎదురుచూస్తున్నాను. గుచ్చలేదు. కట్టులో ఉన్న నా చెయ్యి వంక చూశాడు.

"ఒంటిచేత్తో ఎలా వేస్తావు?" అన్నాడు. "పట్టుకో."

పార కర్ర నా ముందుకు చాపాడు. తను వదల్లేదు. నేను ఎడమ చెయ్యి వేశాను. మా ఆవిడతో సహా అందరూ చూస్తున్నారు. ఇద్దరం కలిసి మట్టి ఎత్తాం, ఇద్దరం కలిసి వేశాం. ఆయన చెయ్యి నా చేతి మీద ఉంది, ముసలి చెయ్యి, వేడిగా ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయనా ఏడుస్తున్నాడు.

"శనివారం తలుపు దగ్గర నేనుంటాను," అన్నాడు గొయ్యిలోకే చూస్తూ. "ఆ అరువు చుట్టని నా దాకా తీసుకురా. నువ్వే తీసుకురా."

"భుజం ఇంకా అతుక్కోలేదండీ. కుడి భుజం మీదే కదా మొయ్యాలి."

"ఎడమ భుజం మీద మొయ్యి," అన్నాడు. "ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు."